చక్రం తగిలిన గాలం

మానవజాతి చరిత్రను మలుపు తిప్పిన ఘట్టాలలో, గాలానికి చక్రం తగిలించిన ఘట్టానికి దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదు. విస్కాన్సిన్ ఉత్తరపు కొసన, మార్చి నెలలో, గడ్డకట్టిన సరస్సు నడిబొడ్డున, సరిగ్గా ఈ విషయం మీదే ఒక బావా ఒక బావమరదీ యుద్ధానికి దిగారు.

చేప ఎరను లాగగానే జెండా లేచే పాతకాలపు చెక్క గాలం బావ డెల్మర్‌ది. జెండా లేచిందంటే పరుగెత్తాలి, చేతి తొడుగులు తీసిపారేయాలి, తడి తాడును వట్టి చేతులతో లాగాలి. అది వాళ్ల తాతలనాటి ధర్మం. బావమరది లాంబర్ట్ కొత్తగా తెచ్చిన దానికీ జెండా ఉంది కాని, అందులో ఒక పొట్టి కర్ర, దానికి దారం చుట్టే చక్రం, అదే రీలు. తొడుగు తీయకుండానే పిడి తిప్పుకోవచ్చు.

"ఇవాళ రీలు తిప్పుతున్నావు. రేపు చేపను నమలడానికి కూడా ఓ మర కొనుక్కోరా," అన్నాడు డెల్మర్.

"నీ వేళ్లు మొద్దుబారాయని తెలుసు బావా. అది బుర్రదాకా పాకిందని అక్క చెప్తే నేనే నమ్మలేదు."

భార్య పేరు ఎత్తేసరికి డెల్మర్ ఆత్మాభిమానం సింహాసనం మీంచి లేచి నిలబడింది. అసలైన చేపలు వాగు కలిసే చోట ఉంటాయనీ, అక్కడికి మగవాళ్లే వెళతారనీ ప్రకటించి, గాలమూ బకెట్టూ పట్టుకుని నడిచిపోయాడు. వాగు కలిసే చోట మార్చిలో మంచుగడ్డ పలచన. పొడిచి చూసుకోవడానికి గునపం ఉంది గాని, అది లాంబర్ట్‌ది కాబట్టి ముట్టుకోలేదు.

అంతలో తెర దించినట్టుగా మంచు కురవసాగింది. పొద్దున ఇద్దరూ తోసుకొచ్చిన, చలికి తలదాచుకునే చెక్కగూడూ, దానికి రెండు పక్కలా కలిసి మంచుగడ్డలో తొలిచిన బెజ్జాలలో తన పక్కవీ తప్ప లాంబర్ట్‌కు మరేమీ కనబడలేదు. అప్పుడు గునపం కంటపడింది. బావ అది లేకుండానే పోయాడు. బావను కేకేశాడు. గాలి ఆ కేకను పెదవుల దగ్గరే మింగేసింది. వాగు దిక్కున సరస్సు ఒక్కసారి మూలిగి, ఫెళ్లుమని, ఆపైన ఊరకుండిపోయింది.

పొద్దున ఫ్లాస్కులో కాఫీ పోస్తూ అక్క బెర్నడిన్, ఆయన్ని ఓ కంట కనిపెట్టుకోమనీ, ఒక్కడివే మాత్రం ఇంటికి రావద్దనీ చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. లాంబర్ట్ గునపం పట్టుకుని వాగువైపు ఉరికాడు. నాలుగడుగులు వేశాడో లేదో, దిక్కులే చెరిగిపోయాయి. పూడుకుపోతున్న తన అడుగుజాడలను వెతుక్కుంటూ, ఎలాగో వెనక్కి వచ్చాడు.

వచ్చేసరికి జెండా లేచి ఉంది.

రీలు తిరుగుతోంది. కర్ర అందుకున్నాడు. చేపయితే తల విదిలిస్తుంది. ఇది విదిలించలేదు, బరువుగా, నింపాదిగా ఈడ్చింది. వాగు నీళ్లు మంచుగడ్డ కింద ఇటే పారతాయని లాంబర్ట్‌కు చిన్ననాటి నుంచీ తెలుసు. ఆ క్షణాన అది తెలియకుండా ఉంటే బాగుండుననిపించింది. పిడి తిప్పాడు. బెజ్జంలో ఎర్రగా ఏదో తేలింది. ఉన్ని తొడుగు. అక్క బావకు అల్లినది. దాని కిందికి దారం ఇంకా బిగిసే ఉంది.

లాంబర్ట్ బోర్లా పడి, భుజందాకా చేతిని నీళ్లలోకి దించి, దారాన్ని పిడికిటికి చుట్టుకున్నాడు.

"బావా, నేను వదలను. ఈ రీలును ఈ సరస్సులోనే పారేస్తాను. చచ్చేదాకా తాడే లాగుతాను. నువ్వు మాత్రం వదలకు."

కిందనున్న బరువు, ఆ మొక్కు విన్నట్టే, గట్టిగా వెనక్కి లాగింది. ప్రాణం ఉంది. లాంబర్ట్ ఏడుస్తూ, తనకు తెలిసిన పునీతులందరినీ వరుస తప్పి పిలుస్తూ, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాడు.

గాలి ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. ఆ సందులో, చెక్కగూటికి ఆవలి పక్క నుంచి, వాగుదాకా పోయే ధైర్యం చాలక గుట్టుగా వెనక్కి వచ్చి కూర్చున్న డెల్మర్ గొంతు వినిపించింది.

"ఒరే లాంబర్ట్, అక్కడున్నావా? చప్పున రారా. మనిషంత చేప పడింది. నీళ్లలో జారిన నా తొడుగును కూడా మింగేసింది. ఇందాకటిదాకా మెత్తగానే వచ్చింది, ఇప్పుడు నాతో పంతం పట్టింది."

ఇద్దరూ కలిసి పైకి తీసేసరికి రెండు గాలాలూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. లాంబర్ట్ ఎరగా గుచ్చిన వేలెడు చేప మాత్రం వాటి నడుమ ఇంకా తోక ఆడిస్తూనే ఉంది.