రెండో గిన్నె

"ఆల్టర్ అంటే బలిపీఠం. ఐడల్ అంటే దేవుడని మొక్కే బొమ్మ," అన్నాను.

రేపు ఇంగ్లీషు పరీక్ష. మతానికి సంబంధించిన మాటలు తప్పకుండా వస్తాయి. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి ప్రతి మాటా మా యొరుబా భాషలో విడమరచి చెబుతూ చదువుతున్నాను.

అమ్మమ్మ ఎప్పటిలాగే అలచందలు రెండు గిన్నెల్లో వడ్డించి, పామాయిలు పోస్తోంది. నాకేం పెట్టినా రెండు పెడుతుంది. రెండోది తన గదిలోకి పట్టుకుపోతుంది.

"ఏదీ, ఆ మాటతో ఒక వాక్యం చెప్పు యునీస్."

"మా అమ్మమ్మ పెట్టెలో ఐడల్ దొరికింది."

గరిటె ఆగిపోయింది. "నా పెట్టె ఎందుకు తీశావే?"

"ఇంట్లో విగ్రహాలుంటే పరీక్ష తప్పుతామన్నారు పాస్టరుగారు. ఇందాకే దాన్ని చర్చి వెనక కాల్చేశాం. ఇంకా చెక్కబొమ్మకి మొక్కడమేంటి అమ్మమ్మా?"

"మొక్కడమా?" అమ్మమ్మ గరిటె కింద పెట్టేసింది. "నీతోపాటు పుట్టి తొమ్మిదోరోజున పోయిందే, నీ అక్క. మనవాళ్ళలో కవలల్లో ఒకరు పోతే వాళ్ళ పేర బొమ్మ చెక్కించి, బతికున్నవాళ్ళతో సమానంగా పెంచాలి. నీకు నీళ్ళు పోసినప్పుడల్లా దానికీ పోశాను. మనం చర్చిలో చేరాక, నీకు చెప్పొద్దంది మీ అమ్మ."

ఆ బొమ్మకి కళ్ళూ ముక్కూ ఎందుకలా అరిగిపోయాయో అప్పుడు తెలిసింది. పదిహేడేళ్ళు రోజూ ముఖం కడిగింది మా అమ్మమ్మ.

రెండో గిన్నె తీసుకుని తన గది గుమ్మందాకా వెళ్ళి, ఆగిపోయింది. వెనక్కి వచ్చి దాన్ని నా ముందే పెట్టింది.

"తిను. ఇకనుంచి దాని ఆకలి కూడా నీదే."