కుడి పక్క చక్రాలు

"క్రోమ్ చక్రాలే! ఇంకో మాట లేదు," అన్నాడు వెండెల్, టైర్ల షాపంతా వినబడేలా.

"తెల్ల పట్టీ టైర్లే! నా దగ్గరా ఇంకో మాట లేదు," అంది అతని భార్య డెలోరిస్.

ఇద్దరి మధ్యా అరవై రెండు మోడల్ బ్యూక్ కారు చక్రాల్లేకుండా జాకీల మీద నిలబడి ఉంది. ఒక పక్క వెడల్పాటి క్రోమ్ చక్రాలు తళతళలాడుతున్నాయి. ఇంకో పక్క ఆ కారుకి కొత్తలో ఉన్నలాంటి ఇనప చక్రాలే, గుండ్రటి వీల్ క్యాపులు, సన్నటి తెల్ల పట్టీ ఉన్న టైర్లు. షాపు యజమాని గస్ రెండు రకాలూ తెచ్చి పడేసి, మీరే తేల్చుకోండన్నట్టు చేతులు కట్టుకున్నాడు.

డెలోరిస్‌కి ఆ తెల్ల పట్టీ అంటే ప్రాణం. ఆ కారు మొదటిసారి తన పుట్టింటి ముందు ఆగింది ఆ టైర్లతోనే. క్రోమ్ తగిలిస్తే అది ఇంకెవరి కారో అయిపోతుంది. ఆ మాట పైకి అంటే, ఈ వయసులో సరసాలేమిటని నవ్వుతారని నోరు మూసుకుంది.

నవ్వడానికి ల్యూథర్ పక్కనే ఉన్నాడు మరి. వెండెల్‌తో ముప్ఫై ఏళ్లు ఒకే ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. పాత కార్ల క్లబ్బులో అందరికంటే పెద్ద నోరు అతనిదే.

"ఒరేయ్ వెండెల్, కారు నీదా, వదినదా? పెళ్లాం చెప్పిందని క్లిఫ్ గాడు సీట్లకి గులాబీ రంగు బట్ట వేయించాడు. మూడేళ్లయింది, వాణ్ని క్లబ్బులో ఇప్పటికీ 'మిసెస్ క్లిఫ్' అనే పిలుస్తున్నాం. గుర్తుందిగా?"

"నేను క్లిఫ్‌ని కాదురా!" అని గర్జించాడు వెండెల్.

ఇలా లాభం లేదనుకుంది డెలోరిస్. "సరేనయ్యా, మనిద్దరం ఎందుకు కొట్టుకోవడం? ఇవాళ వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్ల ఊరేగింపు ఉందిగా. ఒక పక్క నీవి, ఒక పక్క నావి వేయించు. జనం వేటికి ఎక్కువ కేకలేస్తే అవే ఉంచుదాం. లెక్కపెట్టడానికి ల్యూథర్‌ని వెనక కూర్చోబెట్టు."

"భేష్! జనం మాటే మాట," అన్నాడు ల్యూథర్.

"మరి ఏ పక్క ఏవి?" అని అడిగాడు గస్.

డెలోరిస్ ఎదురుచూసింది ఈ ప్రశ్న కోసమే. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఆ రోడ్డులో జనం కుర్చీలు వేసుకునేది పేవ్‌మెంటు మీద. మధ్యలో ఉన్నది వెడల్పాటి గడ్డి. బళ్లు నడిచేది రోడ్డుకి కుడి వైపున కాబట్టి, వెళ్లేటప్పుడైనా, తిరిగి వచ్చేటప్పుడైనా జనం ఉండేది కుడి పక్కే. ఇన్నేళ్లూ కుడి సీట్లో కూర్చుని వాళ్లకి చెయ్యి ఊపింది తనే కదా! డ్రైవరు కూర్చునే ఎడమ పక్కని గడ్డి తప్ప ఎవరూ చూడరు. ఎలాగైనా మొగుణ్ని ఆ పక్కకి ఒప్పించాలని తియ్యటి మాటలు నాలుగు సిద్ధం చేసుకుంది.

"క్రోమ్ నా పక్క వెయ్యి గస్. తోలేవాడి పక్కంటే ఆ దర్జాయే వేరు!" అన్నాడు వెండెల్.

ఆ మహానుభావుడు తనంతట తనే గోతిలో దూకాడు. గస్ ఒకసారి దగ్గి, స్పానర్ అందుకున్నాడు.

ఊరేగింపులో బ్యూక్ నత్తనడకన సాగింది. పేవ్‌మెంటు మీద ఒకటే ఈలలు.

"అబ్బ, ఆ తెల్ల పట్టీ చూడవే! మా నాన్న కారూ ఇలాగే ఉండేది!"

"అమ్మా, వాటిని మార్చకండి, మీకు పుణ్యముంటుంది!"

ఓ ముసలాయన కుర్చీలోంచి లేచి టోపీ తీశాడు. డెలోరిస్ మహారాణిలా చెయ్యి ఊపింది. వెనక ల్యూథర్ కాగితం మీద గీతలు గీస్తూనే ఉన్నాడు.

"తెల్ల పట్టీకి నూట పన్నెండు. క్రోమ్‌కి ఒకటి, అదీ గడ్డిలో నిలబడ్డ పోలీసు," అని తేల్చాడు చివరికి. వెండెల్ భుజం తట్టి, "పోనీలేరా, ఊరంతా ఒక్క మాట మీదుంటే నువ్వు మాత్రం ఏం చేస్తావు? క్లబ్బులో నేను చెబుతాలే," అని దిగి వెళ్లిపోయాడు.

మొగుడూ పెళ్లాలిద్దరూ హోటల్ ముందు కారాపి హాట్‌డాగ్‌లు తెచ్చుకున్నారు. వెండెల్ తల వంచుకుని తింటున్నాడు. గెలిచినా డెలోరిస్‌కి తినబుద్ధి కాలేదు. ఉల్లిపాయ ముక్కలు ఏరుతూ కూర్చుంది. పాపం, పిచ్చి మారాజు, తనని ఇంతగా నమ్మాడే!

"వెండెల్, నన్ను తిట్టినా సరే, చెప్పేస్తాను. నేను మోసం చేశాను. జనమంతా కుడి పక్కే ఉంటారని నాకు ముందే తెలుసు. నీ క్రోమ్‌ని చూసినవాళ్లే లేరయ్యా."

వెండెల్ మూతి తుడుచుకున్నాడు.

"నలభై ఏళ్లుగా ఆ రోడ్డు మీద తోలుతున్నాను. జనం ఏ పక్కన కూర్చుంటారో నాకు తెలీదంటావా?"

డెలోరిస్ నోరు తెరిచింది. "తెలిసే ఎడమ పక్క అడిగావా?"

"ఆ తెల్ల పట్టీ చూసే కదే మీ అమ్మ నన్ను లోపలికి రమ్మంది! నేను మాత్రం వాటిని వదులుతానా?"

"మరి పొద్దున షాపులో క్రోమ్ క్రోమ్ అని అంత రంకెలెందుకు వేశావయ్యా?"

"ల్యూథర్ గాడు పక్కనే నిలబడ్డాడు కదే!"