వానల్లో పెళ్లి

పొద్దున నాటిన గులాబీని మధ్యాహ్నానికల్లా ఎవరో పీకేస్తున్నారు.

"ఎవరండీ మీరు? నా మొక్క ఎందుకు పీకారు?" తోట వేస్తున్న అమ్మాయి గయ్యిమంది.

"ఇక్కడ హాలు నీడ పడుతుంది తల్లీ. బతకదు. ఆ ప్రహరీ గోడవార ఎండలో పెట్టు" అంది పెద్దావిడ తాపీగా, మొక్క వేళ్లకు తడిమట్టి అద్దుతూ.

అమ్మాయికి ఒళ్లు మండింది. పెళ్లిళ్ల హాలుకి తోట వేయడం ఆమెకు దొరికిన మొదటి పెద్ద పని. ఏ కాలంలో పెళ్లి జరిగినా తోటలో పూలుండాలని యజమాని పట్టు. కాగితం మీద అన్నీ కుదిరాయి, ఒక్క వానాకాలం తప్ప.

"అంత తెలిస్తే వానల్లో ఏం పూస్తాయో చెప్పండి!"

"నందివర్ధనం. పందిరికి సన్నజాజి. బంతి మాత్రం ఒక్కసారే చల్లకు. పదిహేను రోజులకో మడి వేసుకుంటూ పో. ఒకటి వాడేలోగా ఇంకోటి విచ్చుకుంటుంది."

అమ్మాయి పెన్సిల్ తీసి రాసుకుంది.

అప్పట్నుంచి పెద్దావిడ రోజూ వచ్చేది. మట్టిలో చతికిలబడి, ఏది కత్తిరించాలో, దేన్ని ముట్టుకోకూడదో చెప్పేది.

"మీకెందుకండీ ఇంత తాపత్రయం?" అని అడిగిందోరోజు అమ్మాయి.

"వానల్లో పూలకి రేటెక్కువ. లేనివాళ్లేం కొంటారు? ప్లాస్టిక్ పూల కింద బిక్కమొహం వేసుకున్న పెళ్లికూతుళ్లని ఎంతమందిని చూశానో!"

ఏడాది తిరిగింది. జోరువానలో ఓ పెళ్లి. తడిసిన చొక్కాతో పెళ్లికూతురి తండ్రి తోటలోకి వచ్చాడు.

"ఇవి కోసుకోవచ్చా అమ్మా?" బెరుగ్గా అడిగాడు.

"మీకోసమే బాబాయ్. ఎన్ని కావాలంటే అన్ని కోసుకోండి!"

ఆయన సంచీ నింపుకుని వెళ్లాడు. కాసేపటికి లోపల పెళ్లికూతురి నవ్వు వినిపించింది.

ఆ నవ్వు పెద్దావిడకి వినిపించాలనిపించింది అమ్మాయికి. పది రోజులుగా ఆవిడ జాడ లేదు. పరుగున గేటు దగ్గరికెళ్లింది.

"పెద్దావిడ రావట్లేదేం?"

"ఊరు వదిలి చెల్లెలి దగ్గరికెళ్లిపోయింది మేడమ్" అన్నాడు వాచ్‌మన్. "అక్కడ నారు పెంచుతుందట. నవ్వుతూనే వెళ్లింది లెండి."

"అదేంటి, నాకో మాటైనా చెప్పకుండా?"

"తోట ఇలా విరగబూశాక ఇక్కడ ఆవిడ దగ్గర ఎవరు కొంటారు మేడమ్? ఇరవై ఏళ్లుగా ఈ హాలుకి పూలమ్మి బతికింది ఆవిడేగా!"