ఎర్ర తాళం

మళ్ళీ కరెంటు పోయింది. పోలేదు, తీసేశాడు.

హరిప్రియ అట్లకాడతోనే వరండాలోకి వచ్చింది. అనుకున్నదే. మెయిన్ స్విచ్ కిందికి దించి ఉంది. దానికి ఎర్ర తాళం. తాళానికి ఫ్యాక్టరీ చీటీ. ‘పని: నాలుగో బెల్టు. లోపల ఉన్నది: సన్యాసయ్య.’ వంకరటింకర అక్షరాలు, కళ్ళు మూసుకుని రాసినట్టు.

కళ్ళు మూసుకునే రాశాడు మరి. మొగుడు ధనుంజయ రాత్రి డ్యూటీ చేసొచ్చి పొద్దున పడుకుంటాడు. గంట తిరక్కుండా నిద్రలోనే లేస్తాడు. స్విచ్ దించి తాళం వేసి, చీటీ తగిలించి, వెళ్ళి పడుకుంటాడు. నెల రోజులుగా ఇదే తంతు. బయట చూస్తే రాయగడ ఎండలు.

ఫ్యాక్టరీలో పద్ధతి అది. సరుకు మోసే బెల్టు ఆపి, బాగుచెయ్యడానికి లోపలికి దిగేవాడు స్విచ్చికి తన తాళం తనే వేసుకోవాలి. ఒక తాళానికి ఒకటే చెవి. అది దిగినవాడి మెడలో ఉండాలి. వాడు బయటికొచ్చి తీస్తేనే బెల్టు కదలాలి.

షిఫ్ట్ ఇన్‌ఛార్జి మన్మథరావు సొరుగులో మాత్రం అందరి తాళాలకీ మారుచెవులున్నాయి. నెల కిందట ఓ రాత్రి, ఆలస్యమైపోతోందని ఒకటి తెచ్చి తాళం తీసి బెల్టు నడిపించేశాడు. ధనుంజయ జతగాడు సన్యాసయ్య లోపలే ఉన్నాడు. మంచినీళ్ళకు వెళ్ళిన ధనుంజయ పరిగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది.

హరిప్రియ గదిలోకి వెళ్ళి, మొగుడి మెడలో చెవి కట్టుకున్న తాడు మెల్లగా లాగింది. ఎంత మెల్లగా లాగినా అంతే.

“తియ్యకండి! లోపలున్నాడు!” అని కేకేసి లేచి కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట. ఇక ఆ రోజుకి నిద్ర లేనట్టే. ఆ ఎర్రబడ్డ కళ్ళతోనే రాత్రి మళ్ళీ ఆ బెల్టు పక్కనే నిలబడాలి. ఏదో ఒక రోజు తూలి అందులో పడతాడని ఆమె భయం. మన్మథరావు మీద కోపం అంతకంత.

మర్నాడు ధనుంజయ డ్యూటీ దిగి వచ్చేసరికి పెరటి వైపు కూలర్ కూడా మొరాయించింది.

“గాలి రావట్నేదు. ఎవుల్నైనా పిలవండి” అంది.

“ఎవుల్నెందుకు? నేనే సూత్తాలే” అని తాడు తీసి మేకుకు తగిలించి, స్నానానికి వెళ్ళాడు.

ఆ తాళంచెవిని చూడగానే ఆమెకు ఉపాయం తట్టింది. కొత్త సబ్బు విప్పి, దానిమీద చెవిని గట్టిగా అదిమింది. అచ్చు చక్కగా పడింది.

అతను పడుకున్నాక గది తలుపు దగ్గరకు వేసి, సబ్బును సంచిలో పెట్టుకుని బయల్దేరింది. ముందుగా మన్మథరావు క్వార్టర్‌కి వెళ్ళింది. ఆయన తాపీగా టిఫిన్ తింటున్నాడు. అది చూడగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

“సార్, మా ఆయనకి పగలు డ్యూటీ ఎయ్యండి. నిద్ర నేక సచ్చిపోతన్నాడు.”

“చూద్దాంలేమ్మా. మనుషులు తక్కువున్నారు.”

“ఎందుకు తక్కువైనారో మీకు తెల్దా?”

ఆయన చెయ్యి ప్లేట్లోనే ఆగింది. “ఎంక్వయిరీ అయిపోయిందమ్మా. లోపల ఎవరూ లేరనుకున్నాం.”

“అనుకున్నారా! అనుకుంతే సరిపోద్దా?” హరిప్రియ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. పక్క క్వార్టర్ల కిటికీలు తెరుచుకున్నాయి. “తాలం ఉత్తినే ఏస్తారేటి ఎవులైనా? తీసేముందు ‘ఒరే సన్యాసయ్యా’ అని ఒక్క కేక ఎయ్యలేకపోనారా? మీ నోరు పడిపోయిందా? ఒక్క కేక సార్! మనిసి బతికిపోయేవోడు!”

మన్మథరావు తల వంచుకుని, “రేపట్నుంచి పగలు డ్యూటీ వేస్తాను, వెళ్ళమ్మా” అన్నాడు.

ఆమె వెళ్ళింది గానీ కోపం దిగలేదు. దారి పొడుగునా తిడుతూనే బజారుకి నడిచింది. తాళాలు బాగుచేసేవాడు సబ్బు అచ్చు చూసి నవ్వి, పావుగంటలో చెవి అరగదీసి ఇచ్చాడు.

ఇల్లు చేరేసరికి ఒంటిగంట. వరండాలో ఎర్ర తాళం, చీటీ. స్విచ్ కిందికి దిగి ఉంది. ఇంట్లో అంతా నిశ్శబ్దం.

“మల్లీ ఏసేసేడు. వీడి డ్యూటీ తగలెయ్య!” అని పళ్ళు కొరికింది.

తను వెళ్తూ దగ్గరకు వేసిన గది తలుపు అలాగే ఉంది. ఇవాళ ఆ తలుపు తియ్యక్కర్లేదు. మెడలో తాడు లాగక్కర్లేదు. ఆ కేక వినక్కర్లేదు. పాపం, ఒక్కపూటైనా కంటినిండా పడుకోనీ అనుకుంది. చెప్పులు చేత్తో పట్టుకుంది, గాజులు చప్పుడు కాకుండా పైకి తోసుకుంది. కొత్త చెవి వెన్నలా తిరిగింది. స్విచ్ పైకి నెట్టింది.

హాల్లో ఫ్యాను కదిలింది. అమ్మయ్య అనుకుని, తాళానికున్న చీటీని ఒక్క లాగు లాగి, చింపబోతూ చూసింది.

‘పని: పెరట్లో కూలర్. లోపల ఉన్నది: ధనుంజయ చేతులు’ అని, గుండ్రటి అక్షరాలతో, పూర్తిగా మెలకువగా ఉన్న మనిషి రాత.