మా గొంతు వినండి

బూటుకాలు మూడోసారి డొక్కలో దిగింది. కిందపడ్డ కార్మికుడు నోటినిండా నెత్తురుతో ఏదో అరిచాడు. గిటార్ల హోరులో వినపడలేదు.

"ఏం నటించాడమ్మా!" ఎడిటింగ్ గదిలో తెర ముందు దర్శకుడు తొడ చరిచాడు. "పాట తీసిన ఫ్యాక్టరీ కార్మికుణ్ణి, అదే ఫ్యాక్టరీ గార్డుల్ని పెట్టడం నా ఐడియానే. సహజంగా ఉంటుందని."

"ఇప్పుడెక్కడున్నాడు సార్?" ఎడిటర్ అడిగింది.

"ఆస్పత్రిలో. యూనియన్ పెట్టాడట, షాట్‌లోనే గార్డులు నిజంగా కసితీరా కుమ్మేశారు. స్పీకర్లు అంత మోగుతుంటే మాకేం తెలుస్తుంది? పాట పాడమంటే వేరే ఏదో వాగాడు, పెదాలు కలవట్లేదు. ఆ ముక్క కోసెయ్." చెప్పి టీకి వెళ్లాడు.

పాట పేరు 'మా గొంతు వినండి'. పీడితుల కోసమేనట! ఎవరి గొంతు? వినాల్సిందెవరు?

ఆమె పాట ఆపేసింది. ఆ ముక్కను మెల్లగా తిప్పి, అతని పెదాల కదలికను తన నోటితో పలికి చూసింది. "కొట్టొద్దు" కాదు. "కాపాడండి" కూడా కాదు. అతను చూస్తున్నది గార్డుల వైపు కాదు, సూటిగా కెమెరాలోకి.

అతనన్నది: "కెమెరా ఆపకండి."

దర్శకుడు తిరిగొచ్చాడు. "కోసేశావా?"

"కోసేశాను సార్. పాటని."