తేడా ఫోటో

“ఆ రోజు సముద్రం మీద కమ్మిన మబ్బు మీ ఉపగ్రహానికి కూడా కనపడలేదా?” వాతావరణ కేంద్రంలో మరిది కుర్చీ పక్కన నిలబడి అడిగింది వదిన. ఆమె భర్త నడిపిన విమానం ఆ మబ్బులోనే కూలిపోయింది.

“కనపడింది వదినా. కానీ మా అంచనాకి మరీ తేడాగా ఉన్న ఫోటోల్ని కంప్యూటర్ పొరపాటు కింద లెక్కేసి పక్కన పెట్టేస్తుంది.”

“అంటే, మీది తప్పని చెప్పేవన్నీ పారేసి, మాదే రైటంటారన్నమాట!”

అతను కంప్యూటర్ తెర వైపు తిరిగాడు.

“ఎదురుగా మబ్బుందని మీ అన్నయ్య రేడియోలో మొత్తుకున్నారటగా? అదీ పొరపాటేనా?”

“తెర మీద ఆకాశం తేటగానే ఉంది…” అన్నాడు.

ఆ రోజు రేడియోలో అన్నయ్యకి తను చెప్పిందీ అక్షరాలా ఇదేనని, అనేశాక గానీ తట్టలేదు.