లోపలి గది స్పీకరు

అమ్మ ఏడాది మాసికం ఇంకా కాలేదు. నాయినకు అప్పుడే పాటలు కావాలట. నోటితో చెబితే వినే ఆంప్లిఫయర్ ఒకటి వనపర్తిలో కొన్నాడు. ఇంట్లో ఉన్న పాత స్పీకర్లకే దాన్ని కలపమని నన్ను కోడేరుకు పిలిపించాడు.

ఒక స్పీకరు హాల్లో ఉంది. రెండోది లోపలి గదిలో, అమ్మ మంచం తలాపున. ఆ మంచం మీదే ఆమె రెండేళ్లు పడి ఉంది. సౌండ్ తగ్గించమని రోజూ అక్కడి నుంచే అడిగేది. నాయిన ఒక్కనాడూ తగ్గించలేదు.

పొద్దుగూకాక వైర్లు కలిపి, నా ఫోన్‌లో సెట్టింగ్ చేశాను.

"పాటలు పెట్టు" అన్నాడు నాయిన. ఇల్లంతా మోగింది. కాసేపటికి సౌండ్ దానంతటదే తగ్గిపోయింది.

"నువ్వు తగ్గించినవా, శ్రీజా?"

"నేను ముట్టలే నాయినా."

"సౌండ్ పెంచు" అని అరిచాడు. పెరిగింది. మళ్లీ తగ్గింది, ఈసారి ఇంకా కిందికి. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. లోపలి గదికి తాళం వేసి ఉంది.

ఆంప్లిఫయర్ విని పాటించిన ప్రతి మాటా ఫోన్‌లో పడుతుంది. తెరిచి చూశాను. నాయిన చెప్పినవి రెండున్నాయి. రెండింటి కిందా ఒకే మాట ఉంది.

"జర సౌండ్ తగ్గించు. తలకాయ పలుగుతుంది."

"ఏంది? ఏమొచ్చింది అండ్ల?" అన్నాడు నాయిన.

"ఏం లేదు. గిది చెప్తె ఇంటది నాయినా, నీ లెక్క కాదు."

మళ్లీ పెంచమనడానికి నాయిన నోరు తెరిచాడు. లోపలి గదిలో మంచం కిర్రుమంది, ఎవరో లేచి కూర్చున్నట్టు.